"సైన్స్ అబద్ధం చెప్పదు" అని ఫార్వర్డ్ చేసేవాళ్లందరికీ ఒకే జవాబు

"పిల్లల్ని ఏం చదివించాలో తేలట్లేదా? ఫోరెన్సిక్ సైన్స్‌లో చేర్చండి, లైఫ్ సెటిల్" అని మొదలయ్యే ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మధ్యలో భూతద్దం బొమ్మ, కింద వరసగా పాయింట్లు, చివర్లో మామూలే, పది గ్రూపులకి పంపండి. నాకు పంపేవాళ్లు కూడా ఎవరో కాదు, నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో టాక్సికాలజీ బెంచ్ మీద, అంటే శరీరంలో విషాలు, మందులు ఉన్నాయేమో చూసే చోట పనిచేస్తానని తెలిసిన ఫ్రెండ్సే, "నీ ఫీల్డ్ గురించే రా, చూశావా" అంటూ. చూశాను నాయనా, ఇప్పటికే చాలాసార్లు చూశాను. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

మొదటి పాయింట్, డిగ్రీ అవ్వగానే క్రైమ్ సీన్‌కి వెళ్లి నేరస్థుణ్ని పట్టుకోవచ్చట. పట్టుకునేది పోలీసులు. సీన్‌కి వెళ్లి ఫొటోలు తీసి శాంపిల్స్ ఎత్తేవాళ్లు, వాటిని టెస్ట్ చేసేవాళ్లు చాలాచోట్ల వేరువేరు మనుషులు, ల్యాబ్‌లో పనిచేసే మనిషి ఒక్క సీన్ కూడా చూడకుండా రిటైర్ అయిపోవచ్చు. నా దగ్గరికి వచ్చేది సీల్ వేసిన కవరు. ముందు ఆ సీల్ సరిగ్గా ఉందా, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి ఏ టైముకి మారిందో కాగితం మీద ఉందా అని చూడాలి, అక్కడ తేడా వస్తే లోపల ఎంత గొప్ప సాక్ష్యం ఉన్నా కోర్టులో లాయర్ దాన్నే పట్టుకుంటాడు. ఆ తర్వాత బ్లాంక్ (వెతికేది ఏమీ లేని శాంపిల్) నడపాలి, కంట్రోల్ (జవాబు ముందే తెలిసిన శాంపిల్) నడపాలి, కాలిబ్రేషన్ (మెషీన్ కొలత సరిగ్గా ఉందా అని) చూడాలి, శాంపిల్ పెట్టాలి, ప్రతిదీ అప్పటికప్పుడు రాసుకోవాలి, రిపోర్ట్ తయారయ్యాక ఇంకొకరు కూర్చుని మొదట్నుంచి తప్పులు వెతకాలి. సీరియల్లో యాడ్స్ అయ్యేలోపు వచ్చేసే డీఎన్ఏ రిజల్ట్ ఉంది కదా, అసలు పనిలో శాంపిల్ నుంచి డీఎన్ఏ విడదీయాలి, ఎంత ఉందో కొలవాలి, పీసీఆర్‌లో (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి) పెంచాలి, క్యాపిల్లరీ ఎలక్ట్రోఫోరెసిస్ (డీఎన్ఏ ముక్కల్ని సైజు ప్రకారం విడదీసే పద్ధతి) మీద నడపాలి, గ్రాఫ్‌లో వచ్చిన పీకులు చదవాలి, ఇదంతా కూడా ముందు క్యూలో కేసులు లేకపోతేనే. క్యూ లేని ల్యాబ్ ఎక్కడుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నేనూ అప్లై చేస్తా.

బీఎస్సీ ఫోరెన్సిక్‌తో పోస్ట్‌మార్టం చేయొచ్చు అన్నది రెండోది. చేయలేరు. ముందు డాక్టర్ అవ్వాలి, అందులో స్పెషలిస్ట్ కావాలంటే ఆ పైన ఫోరెన్సిక్ మెడిసిన్‌లోనో పాథాలజీలోనో స్పెషలైజ్ చేయాలి. నెక్స్ట్.

వేలిముద్రల పద్ధతి స్కాట్లాండ్ యార్డ్, అంటే లండన్ పోలీసులు, కనిపెట్టిందట. వాళ్ల ఫింగర్‌ప్రింట్ బ్యూరో 1901లో మొదలైంది, కలకత్తాలో 1897లోనే ఉంది. ఆ వర్గీకరణ లెక్కలు కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. ఉద్యోగం సలహా ఇచ్చే మెసేజ్‌లో ఈ పాయింట్ ఎందుకుందో నాకైతే అర్థం కాలేదు గానీ, ఉంది కాబట్టి చెప్పా.

"మ్యాథ్స్, కెమిస్ట్రీ అంటే భయపడేవాళ్లకి బెస్ట్ ఆప్షన్." దీన్ని నమ్మి చేరిన పిల్లల మొహాలు మొదటి సెమిస్టర్ చివర్లో చూడాలి. గోడ మీద రక్తపు చుక్క ఏ కోణంలో వచ్చి తగిలిందో కనుక్కోవాలంటే చుక్క వెడల్పుని పొడవుతో భాగించి సైన్ ఇన్వర్స్ తీయాలి. డ్రగ్స్ సెక్షన్‌లోనైనా టాక్సికాలజీలోనైనా ఆర్గానిక్ కెమిస్ట్రీ, క్రొమటోగ్రఫీ (కలిసిపోయిన పదార్థాల్ని విడదీయడం), మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల బరువుని బట్టి గుర్తుపట్టడం) లేకుండా ఒక్క పూట గడవదు. అమెరికాలో ఎఫ్‌బీఐ పెట్టిన ప్రమాణాల ప్రకారం డీఎన్ఏ ఎనలిస్ట్ కావాలంటే బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీతో పాటు స్టాటిస్టిక్స్ లేదా పాపులేషన్ జెనెటిక్స్ కూడా చదివి ఉండాలి. లెక్కలంటే భయమున్న పిల్లల్ని తెచ్చి ఇందులో పడేయడమంటే ఈత రానివాణ్ని నడి గోదాట్లో దింపడమే.

సరే, ఇప్పుడు అసలుదానికొద్దాం. మిగతావన్నీ తెలియక రాశాడని వదిలేయొచ్చు, దీన్ని మాత్రం వదలను. ఉన్నదున్నట్టు దింపుతున్నా: "డీఎన్ఏ, వేలిముద్ర 100 శాతం కరెక్ట్. సైన్స్ అబద్ధం చెప్పదు. మీరు రిపోర్ట్ ఇస్తే కోర్టు నమ్మి తీరాల్సిందే, ఇంత పవర్ ఉన్న ఉద్యోగం ఇంకోటి లేదు."

పవర్! ఈ ఒక్క ముక్క నమ్మి ఈ ఫీల్డ్‌లోకి వచ్చే మనిషంటే నాకు నిజంగా భయం.

2004 మాడ్రిడ్ రైలు పేలుళ్లు గుర్తున్నాయా? డిటొనేటర్లున్న సంచి మీద దొరికిన వేలిముద్ర అమెరికాలో ఒరెగాన్‌లో ఉండే ఒక లాయర్‌ది అని ఎఫ్‌బీఐ తేల్చింది. ఒక్కరు కాదు, వాళ్ల నిపుణులు ముగ్గురు, ఆ పైన కోర్టు పెట్టిన బయటి నిపుణుడు కూడా అదే అన్నాడు. ఆయన్ని రెండు వారాలు లోపలేశారు. ఈలోపు స్పెయిన్ పోలీసులు ఆ ముద్ర ఒక అల్జీరియా మనిషిదని చెప్పారు, ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పుకుంది. 100 శాతం అంట.

డీఎన్ఏ అయితే తప్పు పోదంటారా, జర్మనీ సంగతి వినండి. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో కలిపి దాదాపు 40 చోట్ల ఒకే ఆడమనిషి డీఎన్ఏ దొరికింది, హత్యల్లో దొరికింది, దొంగతనాల్లో దొరికింది, 2007లో హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసుని చంపిన కేసులోనూ దొరికింది. ఏళ్ల తరబడి ఆ "మాయలేడి" కోసం వేటాడారు. 2009లో తేలిందేంటంటే అది శాంపిల్స్ తీసే దూది పుల్లలు తయారుచేసే చోట పనిచేసే ఒక అమాయకురాలి డీఎన్ఏ. పుల్లలు స్టెరైల్ చేసినవే, కానీ స్టెరైల్ చేస్తే క్రిములు చస్తాయి, డీఎన్ఏ పోదు. ఆ తర్వాతే ఇలాంటి సామాన్లలో మనుషుల డీఎన్ఏ ఉండకుండా చూడ్డానికి 2016లో ఐఎస్ఓ 18385 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇక్కడ మెషీన్ తప్పు చెప్పిందా? లేదు, ఉన్న డీఎన్ఏనే చూపించింది. అది అక్కడికి ఎలా వచ్చిందని అడగాల్సింది మనిషి.

2012లో కాలిఫోర్నియాలో ఇంకా ఘోరం. హత్యకి గురైన మనిషి గోళ్ల కింద ఒకతని డీఎన్ఏ దొరికింది, అరెస్ట్ చేశారు, నెలల తరబడి జైల్లో ఉన్నాడు. హత్య జరిగిన రాత్రి అతను తాగి పడిపోయి హాస్పిటల్లో బెడ్ మీద ఉన్నాడు. అతన్ని చూసిన అంబులెన్స్ సిబ్బందే కాసేపటికి హత్య జరిగిన ఇంటికి కూడా వెళ్లారు, వాళ్ల ద్వారానే అతని డీఎన్ఏ అక్కడికి చేరింది. డీఎన్ఏ ఎవరిదో చెప్తుంది, ఎప్పుడొచ్చిందో ఎలా వచ్చిందో చెప్పదు. ఇది ఫస్టియర్ పాఠం, మెసేజ్ రాసిన మహానుభావుడు ఆ రోజు క్లాసుకి రాలేదేమో.

దీనికి తోడు నంబర్ల గోల. "ఈ డీఎన్ఏ ప్రొఫైల్ పది లక్షల మందిలో ఒకరికే కలుస్తుంది" అన్నారనుకోండి, చాలామంది దాన్ని "ఇతను నిర్దోషి అయ్యే ఛాన్స్ పది లక్షల్లో ఒకటే" అని వింటారు. రెండూ ఒకటి కాదు. కోటి మంది ఉన్న సిటీలో ఆ లెక్కన కలిసేవాళ్లు సుమారు పది మంది ఉంటారు, వేరే సాక్ష్యం ఏమీ లేకపోతే మీ ముందున్నది ఆ పదిమందిలో ఒకడు, అంతే. పూర్తి ప్రొఫైల్ దొరికితే నంబర్ ఇంతకంటే చాలా పెద్దది వస్తుంది నిజమే, కానీ సీన్ నుంచి వచ్చేవాటిలో అరకొర ప్రొఫైల్స్, ముగ్గురు నలుగురివి కలిసిపోయినవి ఎన్నో.

వెంట్రుకల సంగతి చెప్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. మైక్రోస్కోప్ కింద వెంట్రుక పోల్చి సాక్ష్యం చెప్పిన పాత కేసుల్ని ఎఫ్‌బీఐ తిరగదోడితే, ముద్దాయికి వ్యతిరేకంగా ఆ సాక్ష్యం వాడిన 268 కేసుల్లో 257 కేసుల్లో నిపుణులు సైన్స్‌లో ఆధారం లేని మాటలు చెప్పారని 2015లో వాళ్లే ఒప్పుకున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో అయితే ఒక డ్రగ్ ల్యాబ్ కెమిస్ట్ టెస్టులు చేయకుండానే చేసినట్టు రిపోర్టులు రాసేసింది, 2017లో 21 వేలకి పైగా కేసులు కొట్టేయాల్సి వచ్చింది. తనకి మాస్టర్స్ ఉందని చెప్పుకుంది, అదీ అబద్ధమే. మీరిస్తే కోర్టు నమ్మి తీరాల్సిందే అన్నారు కదా, నమ్మింది మరి, ఏళ్ల తరబడి.

నా బెంచ్ సంగతే తీసుకోండి. చనిపోయిన మనిషి రక్తంలో ఆల్కహాల్ వచ్చింది, కాబట్టి తాగి ఉన్నాడు, అంతేనా? శరీరం కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు కూడా ఆల్కహాల్ తయారుచేస్తాయి. కొన్ని మందులు చావు తర్వాత అవయవాల్లోంచి గుండె రక్తంలోకి చేరి లెక్క పెరిగినట్టు చూపిస్తాయి, అందుకే తొడ దగ్గర సిర నుంచి తీసిన రక్తం అడుగుతాం. జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిపిన మెషీన్) ఇచ్చిన అంకె కరెక్టే అయినా దాని మీద మీరు రాసే వాక్యం ఒక కుటుంబాన్ని రోడ్డున పడేయొచ్చు. మా పనిలో అన్నిటికంటే కష్టమైన రిపోర్ట్ "ఈ శాంపిల్‌తో ఏమీ చెప్పలేం" అన్నది, అవతల ఇన్వెస్టిగేటర్ అసహనంగా ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే అది రాసి సంతకం పెట్టగలగాలి. పవర్ కావాలనుకునేవాడు అది రాయలేడు.

ఇంకో ముక్క. డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ 1984లో లెస్టర్ యూనివర్సిటీలో అలెక్ జెఫ్రీస్‌కి దొరికింది. హత్య కేసులో దాన్ని మొదటిసారి వాడినప్పుడు జరిగింది ఒకణ్ని పట్టించడం కాదు, నేరం ఒప్పేసుకున్న ఒక కుర్రాణ్ని విడిపించడం. అసలు దోషి ఆ తర్వాత దొరికాడు.

మిగిలినవి త్వరగా కానిచ్చేద్దాం. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ఫోరెన్సిక్ ఎక్స్‌పర్ట్ అవ్వొచ్చట. అవ్వొచ్చు, మీ ప్రొఫైల్ బయోలో. సాక్షి బోనులో మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది.

"రక్తం చూడాలి కాబట్టి అమ్మాయిలకి, బలహీన మనసున్నవాళ్లకి వద్దు" అని ఇంకోటి. అమ్మాయిల సంగతి మీద టైం వేస్ట్ చేయను, చాలా దేశాల్లో ఈ క్లాసుల్లో వాళ్లే ఎక్కువ. కానీ మనసు విషయంలో మాత్రం, చెప్పడం ఇష్టం లేకపోయినా, ఆ రాసినవాడు కరెక్ట్. రక్తం వల్ల కాదు, రక్తానికి చాలామంది అలవాటు పడిపోతారు. డిజిటల్ సెక్షన్‌లో ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లల మీద జరిగిన అఘాయిత్యాల వీడియోలు ఒక్కొక్కటీ చూసి వర్గీకరించేవాళ్లున్నారు, అలాంటి పని చేస్తూ నిద్ర పోగొట్టుకున్నవాళ్లు, ఉద్యోగం వదిలేసినవాళ్లు నాకు తెలుసు. చేరేముందు ఈ సంగతి పిల్లలకి ఎవరూ చెప్పరు, చెప్పాలి, ఆ ముక్క వరకు ఫార్వర్డ్ చేస్తే నాకే అభ్యంతరం లేదు.

చివరిది "గ్యారంటీ జాబ్, ఖాళీలు ఎక్కువ, మనుషులు తక్కువ." ల్యాబుల్లో కేసులు పేరుకుపోవడం వేరు, పోస్టులు ఖాళీగా ఉండటం వేరు. కేసులు ఎన్ని పేరుకున్నా బడ్జెట్ వస్తేనే పోస్ట్ వస్తుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఫోరెన్సిక్ సైన్స్ సర్వీస్ అని ప్రపంచంలోనే పేరున్న సంస్థ ఉండేది, నష్టాలొస్తున్నాయని 2012లో మూసేశారు, గ్యారంటీ అంటే అదీ. పైగా ల్యాబ్ పోస్టులకి మామూలు కెమిస్ట్రీ, బయాలజీ వాళ్లు కూడా పోటీకొస్తారు, చాలాసార్లు వాళ్ల బేసిక్సే గట్టిగా ఉంటాయి.

అంటే చదవొద్దనా? ఇష్టముంటే శుభ్రంగా చదవండి, కానీ కెమిస్ట్రీనో బయాలజీనో గట్టిగా ఉన్న కోర్సు చూసుకోండి, అప్పుడు ఫోరెన్సిక్ ల్యాబ్ దొరక్కపోయినా డోపింగ్ టెస్టులు, మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్, ఫుడ్ టెస్టింగ్ లాంటివి తెరిచే ఉంటాయి, కంప్యూటర్ వైపు వెళ్తే బ్యాంకు మోసాలు, కంపెనీల డేటా ఇన్వెస్టిగేషన్లు ఉంటాయి. చేరేముందు డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి జీసీ-ఎంఎస్ ఉందా, ఉంటే పనిచేస్తుందా, పనిచేస్తే స్టూడెంట్స్ చేయి దాని మీద పడుతుందా, కోర్టులో సాక్ష్యం చెప్పడం ప్రాక్టీస్ చేయిస్తారా అని అడగండి. వాళ్లు మాట మార్చి "మా దగ్గర 100 శాతం ప్లేస్‌మెంట్స్" అంటే, ఏ సంస్థలో, ఏ పోస్టులో అని కూడా అడగండి. టెలీకాలింగ్ కూడా ప్లేస్‌మెంటే కదా.