రికీ హెండర్సన్‌ది గర్వం కాదు

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు రికీ హెండర్సన్ 2024 డిసెంబర్ 20న చనిపోయాడు. ఇంకో ఐదు రోజులుంటే, క్రిస్మస్ నాటికి 66 ఏళ్లు నిండేవి. మా నాన్న ఇంట్లో గవాస్కర్ గురించి ఎంత చెప్పినా, కాలిఫోర్నియాలో ఓక్లండ్ పక్కన పెరిగిన నాకు హీరో అంటే రికీయే. ఇప్పుడు అతని గురించి మాట్లాడుతూ కూడా కొందరు పాత మాటే అంటున్నారు, గొప్ప ఆటగాడే గానీ గర్వం ఎక్కువ అని. నేనది ఒప్పుకోను.

బేస్‌బాల్ చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. పరుగు రావాలంటే మైదానంలో ఉన్న నాలుగు బేస్‌లను (మజిలీలను) వరసగా చుట్టి రావాలి. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బ్యాటర్‌కు బంతి విసిరే క్షణం కనిపెట్టి, 90 అడుగుల దూరంలో ఉన్న తర్వాతి బేస్‌కు పరిగెత్తడమే స్టీల్. క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) విసిరిన బంతి ముందే చేరి, దాంతో అతన్ని తాకారా, ఔట్. కబడ్డీలో కూతకు వెళ్లినట్టే, వీడొస్తాడని అవతలివాళ్లందరూ కాచుకుని ఉండగానే వెళ్లి గెలవాలి. రికీ అలా 1,406 సార్లు గెలిచాడు, ఒక్క 1982లోనే 130. అతని తర్వాత ఉన్న లూ బ్రాక్‌వి 938! బాగా వంగి నిలబడి స్ట్రైక్ జోన్‌ను, అంటే సరైన బంతి వెళ్లాల్సిన చోటును, చిన్నది చేసేవాడు, పనికిరాని బంతుల్ని ఓపిగ్గా వదిలేసేవాడు, అందుకే 2,190 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే మొదటి బేస్‌కు వెళ్లడం) వచ్చాయి. అతని 2,295 పరుగుల రికార్డు ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

1991 మే 1న ఓక్లండ్‌లో న్యూయార్క్ జట్టు యాంకీస్ మీద మూడో బేస్ స్టీల్ చేసి 939కి చేరి, బ్రాక్ రికార్డు దాటాడు. ఆ బేస్‌ను పీకి తల మీదికెత్తి చూపించాడు. తర్వాత మైకు తీసుకుని దేవుడికి, ఊరికి, అమ్మకు థ్యాంక్స్ చెప్పి, బ్రాక్ గొప్పవాడు, కానీ ఈరోజు అందరికంటే గొప్పవాణ్ని నేనే అన్నాడు. బ్రాక్ అక్కడే ఉన్నాడు. అదే రాత్రి టెక్సస్‌లో 44 ఏళ్ల పిచర్ నోలన్ రయన్ ఏడో నో-హిట్టర్ (అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేయడంతో, అతని వినయంతో పోల్చి రికీని తిట్టినవాళ్లు చాలామంది. రికీ చెప్పింది మాత్రం లెక్క. చిన్నప్పటి నుంచి పెరిగిన ఊళ్లో, తనవాళ్ల ముందు, నిజం చెప్పడానికి ఎందుకు సిగ్గుపడాలి?

మన ఇళ్లలో మాత్రం మన గురించి మనం చెప్పుకోకూడదని పిల్లలకు నేర్పుతాం. తర్వాత వాళ్లు ఉద్యోగం ఇంటర్వ్యూలో చేసిన పని కూడా చెప్పుకోలేక తడబడతారు. ఉగాది వేడుకల్లో పిల్లలకు బహుమతులిచ్చేటప్పుడు వాళ్ల గురించి మనమే చదివేస్తాం కదా, ఈసారి మైకు వాళ్లకే ఇచ్చి, ఏం సాధించారో వాళ్లనే చెప్పనిద్దాం.