ఆర్టీసీ టికెట్టు పెరిగింది జీతాల వల్ల కాదు

ఆర్టీసీ కార్మికుడు జీతం అడిగిన ప్రతిసారీ ఒకటే మాట: ఆ భారం చివరికి ప్రయాణికుడి నెత్తినే పడుతుందని. తెలంగాణలో చార్జీలు పెరిగిన తీరు చూస్తే ఈ మాట నిలబడదు.

2019లో సమ్మె 52 రోజులు సాగింది. దాదాపు 48 వేల మంది వేతన సవరణ చేతికందకుండానే మళ్లీ డ్యూటీ ఎక్కారు. అయినా డిసెంబరులో చార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. 2022లో డీజిల్ సెస్సు పేరిట మళ్లీ వడ్డించారు. 2025 అక్టోబరులో హైదరాబాద్ సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు పెంచారు. ఎలక్ట్రిక్ బస్సుల డిపోలు, చార్జింగ్ స్టేషన్ల కోసమన్నారు. ఇందులో జీతాల పాపం ఎంత?

2017లో రావాల్సిన సవరణను 21 శాతం ఫిట్‌మెంట్‌తో, అంటే మూల వేతనం మీద అంత పెంపుతో, 2024లో ప్రకటించారు. ఏటా 418 కోట్లకు పైగా భారమన్నారు. చిన్న మొత్తం కాదు, నష్టాల్లో ఉన్న సంస్థకు పన్ను సొమ్ము ఎందుకని అడగడమూ తప్పు కాదు. కానీ ఆ ఏడేళ్లూ సవరణ లేకుండా బండి లాగినవాళ్లే ప్రభుత్వానికి వడ్డీలేని అప్పు ఇచ్చినట్టు లెక్క.

మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు ఎక్కి చూడండి. ఫుట్‌బోర్డు దాకా జనం. ఆ కిక్కిరిసిన బస్సులోనే కండక్టరు ఆధార్ కార్డులు చూస్తూ, ఒక్కొక్కరికీ జీరో టికెట్టు కొట్టాలి. ప్రభుత్వం సంస్థకిచ్చే రీయింబర్స్‌మెంట్ లెక్క తేలేది ఆ టికెట్లతోనే. అంటే ఖజానా నుంచి సంస్థకు వచ్చే ఆ సొమ్ముకు ఆధారం ఆ కండక్టరు వేళ్లే. రిటైరైనవారి చోట కొత్తవాళ్లు రాకపోతే డబుల్ డ్యూటీలు, నిద్ర చాలని డ్రైవర్లు, రద్దయిన ట్రిప్పులు. ప్రయాణికుడి మీద పడే అసలు భారం ఇదీ!

ఆర్టీసీ కొనే డీజిల్ మీద రాష్ట్రం వ్యాట్ వసూలు చేస్తుంది, ఆ పైన సంస్థకు నాలుగు డబ్బులిస్తే దానికి సాయమని పేరు. కార్ల కోసం కట్టే ఫ్లైఓవర్‌కు లాభమెంతని ఎవరూ అడగరు, బస్సుకు మాత్రం రోజూ నష్టాల లెక్కలే.

2025 మేలో సమ్మె అంచుదాకా వెళ్లిన డిమాండ్లలో 2021లో రావాల్సిన వేతన సవరణ ఒకటి. దాన్నీ ఇలాగే నాన్చితే బకాయిలు గుట్టలవుతాయి, వాటిని చూపించి పన్ను కట్టేవాళ్లనే భయపెడతారు. గడువు వచ్చిన ఏడాదే బడ్జెట్లో సొమ్ము కేటాయించాలి.