చేతకానితనమే మీ సుగుణం: విండోస్ 98 గారికి లేఖ

శ్రీయుత విండోస్ 98 గారికి నమస్కారాలు.

కంప్యూటర్లను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌గా మీరు 1998 జూన్‌లో మార్కెట్లోకి వచ్చారు. అదే ఏడాది నవంబరులో మాదాపూర్ బండల మధ్య సైబర్ టవర్స్‌ను వాజపేయి ప్రారంభించారు. మీ ఈడువాడు ఎక్కడికో ఎదిగిపోయాడు. మీకు మాత్రం 2006 జులైలోనే మైక్రోసాఫ్ట్ పదవీ విరమణ ఇచ్చింది, పింఛను లేకుండా.

అలాంటి మీకోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కాను. పాత పెంటియం కంప్యూటర్ కావాలంటే దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "మ్యూజియానికా సార్?" అన్నాడు. ఏకాగ్రతకు అన్నాను. జాలిపడి ధర తగ్గించాడు.

మీకున్న గొప్ప గుణం ఏమీ చేతకాకపోవడం. ఈ కాలపు వెబ్‌సైట్లు మీ దగ్గర తెరుచుకోవు. పెన్‌డ్రైవ్ పెడితే ఈయన ఎవరంటూ డ్రైవర్ అడుగుతారు. 16 ఎంబీ మెమరీతో కాపురం నెట్టుకొస్తారు. ఆపకుండా నడిపితే మిల్లీసెకన్ల లెక్క 49.7 రోజులకు నిండిపోయి మీరు స్తంభించే ప్రమాదం ఉందట. ఆ లోపం బయటపడాలంటే ముందు అన్ని రోజులు మీరు నిలబడాలి కదా! ఇక మా వీధిలో కరెంటు పోయి వస్తే, కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపలేదని నాకే సుద్దులు చెప్పి, డిస్కును తనిఖీ చేసే స్కాన్‌డిస్క్ మొదలుపెడతారు. అయినా సహిస్తాను. తిడతారే తప్ప, నేను ఏం చూస్తున్నానో ఎవరికీ మోయరు.

ఒక్కటే బాధ. మీకు తెలుగు రాదు. అన్ని కంప్యూటర్లకూ ఒకే సంకేతాలుండే యూనికోడ్ తెలుగు మీ తమ్ముడు విండోస్ ఎక్స్‌పీతో 2001లో వచ్చింది. అందుకే ఈ లేఖను డీటీపీ వాళ్లలాగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టాను. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళమే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, అక్కడికి మీరు రారు. చివరికి మా అమ్మాయి మీ తెరను ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. చూసి మళ్లీ టైపు చేద్దామని ఫోను తెరిచాను. అపార్ట్‌మెంటు గ్రూపులో నీళ్ల ట్యాంకర్ డబ్బుల మీద గొడవ జరుగుతోంది. అది తేలాక వస్తాను, అంతవరకు హ్యాంగ్ కాకుండా ఉండండి.

ఇట్లు,
మీ ఏకాగ్రచిత్తుడు