పరిహారం ఇచ్చారు... బానిసలకు కాదు, యజమానులకు

2018 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం బ్రిటన్ ఆర్థిక శాఖ ట్విటర్‌లో ఒక పోస్టు పెట్టింది. 1833లో సామ్రాజ్యంలోని బానిసలందరినీ విడిపించడానికి 2 కోట్ల పౌండ్లు ఖర్చుపెట్టామని, అది అప్పటి ప్రభుత్వ బడ్జెట్‌లో 40 శాతమని, అందుకు చేసిన అప్పు 2015లో గానీ తీరలేదని, కాబట్టి ఇవాళ బతికున్న పౌరులు కూడా బానిస వ్యాపారాన్ని అంతం చేయడంలో ఒక చెయ్యి వేసినట్టేనని దాని సారాంశం. తిట్లు మొదలయ్యాక పోస్టు తీసేశారు.

వ్యాపారం మీద నిషేధం 1807 నాటిది, 1833 చట్టం బానిసత్వం మీద వచ్చింది. ఈ తేడా తెలియకపోవడం చిన్న సంగతే. అసలు గొడవ ఏంటంటే, ఆ 2 కోట్ల పౌండ్లు ఎవరి చేతికి వెళ్లాయో ఆ పోస్టులో లేదు. ఒక్క పౌండు కూడా బానిసలకు అందలేదు. ‘ఆస్తి’ పోతోందని యజమానులకు ఇచ్చారు. దొంగ దగ్గర దొరికిన సొత్తు విడిపించి, పాపం నష్టపోయాడని దొంగకే డబ్బు కట్టినట్టన్నమాట. 1948 తర్వాత జమైకా నుంచో బార్బడోస్ నుంచో వలస వచ్చి లండన్‌లో బస్సులు నడిపినవాళ్లు, ఆసుపత్రుల్లో నర్సులుగా చేసినవాళ్లు కట్టిన పన్నులు కూడా ఆ అప్పులోకే పోయాయి. తమ ముత్తాతలను కొన్నవాళ్లకు ఇచ్చిన పరిహారం బాకీ వీళ్లు తీర్చారు!

నాలుగు శతాబ్దాల్లో ఆఫ్రికా తీరాల్లో ఓడలెక్కించినవాళ్లు దాదాపు కోటీ 25 లక్షల మంది, అట్లాంటిక్ దాటి అమెరికా ఖండాల ఒడ్డుకు ప్రాణాలతో చేరినవాళ్లు కోటీ 7 లక్షలు. ఈ అంకెలు చాలామంది చదివే ఉంటారు. నన్ను మాత్రం ఆ పరిహారం పంచిన పద్ధతే ఎక్కువ ఆలోచింపజేస్తుంది, ఎందుకంటే కోపతాపాలు, భక్తి ప్రసంగాలు ఏమీ లేకుండా ఒక రాజ్యం మనిషిని ఎలా లెక్కగట్టిందో అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. లండన్‌లో ఒక కమిషన్ కూర్చుంది. ఫారాలు అచ్చయ్యాయి. మేస్త్రీలు, చేతిపనివాళ్లు, పొలం కూలీలు, ఆరేళ్ల లోపు పిల్లలు, ముసలివాళ్లు, జబ్బుపడి పనికిరానివాళ్లు అంటూ వరసలు, ఒక్కో వరసకు ఒక్కో రేటు. అదీ ఒక్కో వలస ప్రాంతానికి ఒక్కోలా మారేది. దక్షిణ అమెరికాలో చెరకు బాగా పండే బ్రిటిష్ గయానాలో తలకు సగటున 50 పౌండ్లు దాటింది, జమైకాలో 20 లోపే. సుమారు 46 వేల దరఖాస్తులు వచ్చాయి. అందరూ పెద్ద తోటల దొరలే అనుకోకండి, ఒకరిద్దరు బానిసల మీద వచ్చే ఆదాయంతో బతికే వితంతువులూ ఉన్నారు, చర్చిలో ప్రవచనం చెప్పే ఫాదర్లూ ఉన్నారు.

వీళ్లలో జాన్ గ్లాడ్‌స్టన్ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. లివర్‌పూల్ వ్యాపారి, తర్వాత నాలుగుసార్లు బ్రిటన్ ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కు తండ్రి. గయానాలోని డెమెరారాలో ఆయనకు ‘సక్సెస్’ అనే తోట ఉండేది. 1823 ఆగస్టులో అక్కడే మొదలైన తిరుగుబాటులో వేలమంది బానిసలు కలిశారు. ముందు నిలబడినవాళ్లు క్వామినా, ఆయన కొడుకు జాక్. తోట యజమాని ఇంటిపేరే జాక్‌కు అంటగట్టారు కాబట్టి చరిత్రలో అతను కూడా జాక్ గ్లాడ్‌స్టనే! సైన్యం దిగి అణిచేసింది, క్వామినాను కాల్చి చంపారు, శవాన్ని తోట ముందే వేలాడదీశారు. పదేళ్లు తిరిగేసరికి చట్టం వచ్చింది. జాన్ గ్లాడ్‌స్టన్‌కు 2,508 మంది బానిసలకుగాను 1,06,769 పౌండ్లు ముట్టాయి. ఆ చట్టం మీద చర్చ నడుస్తున్నప్పుడు కొత్తగా పార్లమెంటులో అడుగుపెట్టిన కొడుకు విలియం లేచి తండ్రి తోటల తరఫున మాట్లాడాడు. కుటుంబం అన్నాక అండగా నిలబడాలి మరి.

డబ్బిచ్చారు కదా, మరునాడే స్వేచ్ఛ ఇచ్చారా అంటే అదీ లేదు. 1834 ఆగస్టు 1న చట్టం అమల్లోకి వచ్చినా, ఆరేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ‘అప్రెంటిస్’గా పాత యజమాని దగ్గరే ఇంకొన్నేళ్లు, వారానికి దాదాపు 45 గంటలు, జీతం లేకుండా పనిచేయాలన్నారు. జనం ఒప్పుకోలేదు, గోల పెరిగింది, 1838లో దాన్ని ఎత్తేశారు. ఈలోపే జాన్ గ్లాడ్‌స్టన్ ముందుచూపుతో కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాసి కూలీలు కావాలని అడిగాడు. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడల్లో దాదాపు 400 మంది భారతీయులు గయానాలో దిగారు.

ఇక్కడే మన తీరం కూడా కథలోకి వస్తుంది. 1835లో బానిసత్వం రద్దైన మారిషస్‌లోనూ తోటల యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం అందింది, ఖాళీ అయిన చెరకు పొలాల్లోకి బిహార్, తమిళ ప్రాంతాల నుంచి, మన గోదావరి, విశాఖ వైపు నుంచి కూలీలను తోలుకెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదుగా వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలనే పేరు పడింది. ఇవాళ మారిషస్‌లో ఉగాదికి సెలవిస్తారని మనం మురిసిపోతాం, బాగానే ఉంది, ఆ ప్రయాణం ఎందుకు మొదలైందో కూడా గుర్తుంటే ఇంకా బాగుంటుంది. అయితే కూలీ ఒప్పందం, బానిసత్వం ఒకటేనని నేను అనను. ఎన్ని మోసాలున్నా ఒప్పందానికి గడువుంది, కూలీ కడుపున పుట్టిన బిడ్డ దొర ఆస్తి కాలేదు. రెండింటినీ కలిపేస్తే ఆఫ్రికన్ల నష్టాన్ని తక్కువ చేసినట్టవుతుంది. పైగా ఈస్ట్ ఇండియా కంపెనీ పాలించే ప్రాంతాలకు 1833 చట్టం వర్తించనే లేదు, మన దగ్గరి బానిసత్వం మీద చట్టం రావడానికి 1843 దాకా ఆగాల్సి వచ్చింది.

బ్రిటన్‌లో కనీసం ప్రభుత్వం కట్టింది. ఒకప్పుడు ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న కరీబియన్ దేశం హైతీలో బానిసలే కట్టారు! 1791లో తిరగబడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని కూడా ఓడించి 1804లో స్వతంత్రం ప్రకటించుకున్న దేశం అది. 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, పోయిన తోటలకూ బానిసలకూ కలిపి 15 కోట్ల ఫ్రాంకులు కడితేనే మిమ్మల్ని దేశంగా గుర్తిస్తానన్నాడు. మొదటి కిస్తీకే డబ్బు చాలక ఫ్రాన్స్ బ్యాంకుల దగ్గరే 3 కోట్లు అప్పు తీసుకుంటే, కమిషన్ కింద 60 లక్షలు పట్టుకుని మిగతాది చేతిలో పెట్టారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, దాని వల్ల పుట్టిన అప్పుల తోక 1947 దాకా సాగింది. హైతీ ఎందుకంత పేదదేశం అంటూ టీవీ చర్చల్లో అవినీతి, భూకంపాలు, గ్యాంగుల గురించి గంటలు గంటలు మాట్లాడతారు, అవన్నీ నిజమే కానీ ఈ బాకీ సంగతి ఎత్తరేం?

ఇప్పుడు కరీబియన్ దేశాలు నష్టపరిహారం అడుగుతుంటే ‘ఎప్పుడో జరిగిపోయింది, ముందుకు సాగుదాం’ అనే జవాబు వస్తోంది. 2015 సెప్టెంబరులో జమైకా వెళ్లిన అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ దాదాపు ఇదే మాట చెప్పి, ఒక జైలు కట్టడానికి 2.5 కోట్ల పౌండ్లు ఇస్తామన్నాడు. యజమానుల కోసం చేసిన అప్పు తీరిందీ సరిగ్గా ఆ ఏడాదే. అప్పు పాతబడదట, అన్యాయం మాత్రం పాతబడిపోతుందట.

రెండో వాదన ఇంకొంచెం గట్టిది: ఎవరికివ్వాలి, ఎంతివ్వాలి, ఇన్ని తరాల తర్వాత లెక్క తేలేదెలా? కష్టమే, కాదనను. ఈ తరానికి చెక్కులు పంచితే సరిపోతుందని కూడా నేను అనుకోవడం లేదు, అప్పుల మాఫీ, ఆసుపత్రులు, బడులు అంటూ కరీబియన్ దేశాలు 2014లో పెట్టిన పది అంశాల డిమాండే నాకు ఆచరణకు దగ్గరగా కనిపిస్తుంది. కానీ లెక్క తేలదు అనే మాట బ్రిటన్ నోటి నుంచి వస్తే మాత్రం ఒప్పుకోలేం. ఒకప్పుడు కంప్యూటర్లు లేకుండానే, సముద్రాల అవతల ఉన్న దాదాపు 8 లక్షల మందిని రిజిస్టర్లకెక్కించి, పనిని బట్టి వెలగట్టి, కొన్నేళ్లలోనే చాలామంది యజమానులకు చెల్లింపులు పూర్తిచేసిన ప్రభుత్వం అది. ఆ రిజిస్టర్లు లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.