కరువులో బాప్తిస్మాలు ఆపేసిన క్లౌ దొర గురించి మన సంఘాలతో ఒక మాట

"ధైర్యంగా ప్రభువును ప్రకటించండి" అని ఆదివారం ఆదివారం వింటూనే ఉంటాం. ఆమేన్ అంటాం. ఇంటికొచ్చి వాట్సాప్ స్టేటస్‌లో వాక్యం పెడతాం, బండికి సిలువ స్టిక్కర్ అంటిస్తాం, కూటాలకు మైకు సౌండు పెంచుతాం. వాటిని తప్పు పట్టడం లేదు. మన సాక్ష్యం అక్కడితోనే ఆగిపోతోందే అన్నది నా బాధ. చాలాకాలంగా మనసులో ఉన్నది ఇవాళ రాసేస్తున్నాను.

మన నేల మీద జరిగిన సంగతే చూడండి. 1876-78 నాటి కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊళ్ళకు ఊళ్ళు తిండిలేక అల్లాడుతున్నాయి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నారు. ఆయనకు సర్వే పని తెలుసు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే అందులో కొంత భాగం కాంట్రాక్టు ఆయనే తీసుకున్నారు. ఆకలితో నడిచొచ్చిన వాళ్ళకు పని చూపించి కూలి ఇచ్చారు. వాక్యం చెప్పే బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. వచ్చినవాళ్ళలో చాలామంది మాదిగలు, ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మనుషులు.

వాళ్ళు బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు పనులు నడిచినంత కాలం ఆపేశారు. కూలి డబ్బుల కోసం మతంలోకి వచ్చారన్న మాట ఆ పేదవాళ్ళ మీద పడకూడదు, సువార్త మీదా పడకూడదు, అదీ ఆయన పట్టుదల. పనులు అయిపోయాయి, ఇక ఇవ్వడానికి డబ్బుల్లేవని చెప్పేశాక కూడా జనం రావడం మానలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

నేను విన్న ప్రసంగాల్లో ఆ 2,222 అంకె బాగా వినపడుతుంది. దానికి ముందు బాప్తిస్మాలు ఆపేసిన ఆ నెలల సంగతి వినపడదు. నాకైతే విశ్వాసమంతా ఆ నెలల్లోనే కనిపిస్తుంది. చేతిలో అన్నం ఉంది, ఎదురుగా ఆకలితో జనం ఉన్నారు, ఏమడిగినా ఒప్పుకునే స్థితిలో ఉన్నారు. అప్పుడు ఏమీ అడగకుండా పెట్టడానికి దేవుని మీద ఎంత నమ్మకం ఉండాలి!

మా యూత్‌లో పిల్లలు అంటుంటారు, "అన్నా, సేవకు వెళ్తే మతం మార్చడానికి వచ్చారంటున్నారు, టెన్షన్‌గా ఉంటోంది" అని. వాళ్ళ భయం నిజమైనదే. నేను చెప్పేది ఒకటే. అన్నం పొట్లంతో పాటు కరపత్రం ఇవ్వొద్దు. ప్రార్థన చేయించుకుంటేనే మందులిస్తామనొద్దు. ఎవరైనా "ఎందుకు చేస్తున్నావు బాబూ?" అని అడిగితే మాత్రం నసగొద్దు. "యేసు ప్రభువు నన్ను ప్రేమించాడు, అందుకే వచ్చాను" అని తలెత్తి చెప్పండి. షరతు పెట్టకపోవడానికీ ధైర్యం కావాలి, పేరు దాచకపోవడానికీ కావాలి.

మా సంఘంలో ఒక అక్క ఉంది. ఆరాధన అవగానే పెద్దాసుపత్రికి వెళ్తుంది, ఎముకల వార్డుకి. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. తుంటి విరిగి మంచం పట్టిన ముసలాయన, తోడు ఎవరూ లేరు. స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, పాత పంచె ముక్క తడిపి ఆయన వేళ్ళ సందులు తుడిచింది. గోళ్ళు నానాక ఒక్కొక్కటే కత్తిరిస్తూ కూర్చుంది. "నీకు నేనేమివ్వగలనమ్మా?" అన్నాడాయన. "ఆ రెండో చెయ్యి ఇవ్వండి తాతా" అంది. తర్వాత ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికెళ్ళి ఆయన కాగితాల్లో ఏది తక్కువైందో కనుక్కుని వచ్చింది. ఈ అక్క ఏ రోజూ స్టేజీ ఎక్కి సాక్ష్యం చెప్పలేదు. మనం పిలిచి చెప్పమని అడగనూ లేదు. శాలువాలన్నీ కారులో వచ్చే అతిథులకే.

క్షమించడం గురించి కూడా చెప్పాలి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌ను, ఆరేళ్ళ తిమోతిని జీపులోనే తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ వెంటనే దేశం వదిలి వెళ్ళిపోయినా ఎవరూ ఒక్క మాట అనేవాళ్ళు కాదు. ఆమె క్షమించానన్నారు. చట్టం పని చట్టం చేసుకుపోయింది, అది వేరు. ఆమె మాత్రం బారిపదలో కుష్ఠు రోగుల దగ్గరే ఉండి 2004 దాకా సేవ చేశారు. మనమేమో ఫేస్‌బుక్‌లో ఎవరో ఒక మాట అంటే పది మాటలు తిరిగి అని, దాన్ని విశ్వాసం కోసం పోరాటం అనుకుంటున్నాం.

కష్టంగా ఉన్నా ఇదీ అనాల్సిందే. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె విరుస్తాం, పెళ్ళి సంబంధం దగ్గర మాత్రం ముందు కులం అడుగుతాం. ఇది సంఘం లోపల మార్చుకోకుండా బయటికెళ్ళి ప్రేమ గురించి ఏం ప్రకటిస్తాం?

డిసెంబరు వస్తే నక్షత్రాలు, సీరియల్ లైట్లు, పెద్ద స్టేజీ. ఈసారి మా కమిటీలో ఒక మాట ఎత్తబోతున్నాను. స్టేజీ ఖర్చులో సగం తీసి, డయాలసిస్‌కి పల్లెల నుంచి వచ్చేవాళ్ళ బస్సు ఛార్జీలకు పెడదామని. వైద్యం ఉచితంగా దొరికినా వారానికి రెండు మూడుసార్లు రావాలి, తోడొచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. బోర్డు వద్దు, ఫోటో వద్దు. మీ సంఘంలోనూ అడిగి చూడండి. కమిటీ ఒప్పుకోకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి ఈ ఆదివారమే వెళ్ళండి. ముందు వార్డులో నర్సమ్మ గారిని అడగండి, ఏ మంచం దగ్గర తోడు లేరో ఆవిడకు తెలుస్తుంది.