మహారాజశ్రీ బలెనో ఆర్‌ఎస్ గారికి

నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీ టర్బో, అదే ఇంజిన్‌లోకి గాలి కుక్కి బలం పెంచే ఆ ఫ్యాను, క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం మీకు అందుతుందన్న నమ్మకం లేదు. మారుతీ సుజుకీ వారి బలెనో కారుకి టర్బో పెట్టిన రకం మీరు, అయినా మీరు ఎక్కడున్నారో మీ ఓనరుకు తప్ప ఎవరికీ తెలియదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రోజూ మీ పక్కనే బండి పెట్టే పెద్దమనిషిని అడిగినా, "అది బలెనో అండీ, మా తమ్ముడికీ ఉంది" అంటాడు.

ఇంత వినయం దేనికండీ? 2016 ఆటో ఎక్స్‌పోలో మిమ్మల్ని వేదిక మీద నిలబెట్టి లైట్లు వేశారు. 2017 మార్చిలో 8.69 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో అమ్మకానికి వచ్చారు. మామూలు పెట్రోల్ బలెనోకి 84 పీఎస్ (అంటే దాదాపు అన్ని గుర్రాల) పవరు, 115 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే లాగే బలం. మీకు మూడు సిలిండర్ల, 998 సీసీ బూస్టర్‌జెట్ టర్బో ఇంజిన్, 102 పీఎస్, 150 న్యూటన్ మీటర్లు. అదీ 950 కిలోల ఒంటికి. ఇంకొకరైతే ఊరంతా డప్పు కొట్టించేవారు. మీరు చేసిన ఆర్భాటమల్లా బంపర్ల కింద కాస్త అంచు, నల్లరంగు చక్రాలు, 'ఆర్‌ఎస్' అనే రెండక్షరాల బిళ్ళ. చివరికి పన్నుల శాఖ కూడా మిమ్మల్ని పోల్చుకోలేకపోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ అని చూసి చిన్న కారు ఖాతాలో రాసుకుంది.

మీ ఈడువాళ్లను చూడండి. ఫియట్ వారి అబార్త్ పుంటో 145 గుర్రాల బలంతో వచ్చి ఒంటినిండా స్టిక్కర్లు, తేలు బొమ్మలు వేసుకుంది. టాటా వారి టియాగో జేటీపీ బానెట్‌కి రంధ్రాలు పెట్టించుకుని మరీ తిరిగింది. ఫోక్స్‌వాగన్ వారి పోలో జీటీఐ అయితే దాదాపు 26 లక్షలు అడిగి, మూడు తలుపులతో వచ్చింది. వెనక సీట్లోకి అత్తగారు ఎలా ఎక్కాలో ఆ జర్మనీ ఇంజినీర్లు ఆలోచించినట్టు లేదు. వాళ్లు మీసం మెలేసినా, మీరు తలవంచుకున్నా ఒకటే అయింది లెండి. 2020 దాటేసరికి షోరూముల్లో ఎవరూ మిగల్లేదు.

మీ ఓటమి రోడ్డు మీద జరగలేదు, మా డైనింగ్ టేబుళ్ల మీద జరిగింది. కారు కొనడమంటే మా ఇళ్లల్లో సంబంధం చూడటంతో సమానం. కుర్రాడు "పికప్ బావుంటుంది నాన్నా" అంటాడు. నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే "మైలేజ్ ఎంత?" అంటాడు. కంపెనీ లెక్కలో మీది లీటరుకు 21.1 కిలోమీటర్లు, మామూలు బలెనోది 21.4. తేడా మూడొందల మీటర్లు! పార్కింగ్ దొరక్క చుట్టూ తిరగడంలోనే అంతకంటే ఎక్కువ కాల్చేస్తాం. అయినా ఆ మూడొందల మీటర్లు దాటి మీరు ఇంట్లోకి రాలేకపోయారు. పైగా అదే షోరూములో మీ సొంత అన్నయ్య డీజిల్ బలెనో 27.39 అని పలక పట్టుకుని నిలబడ్డాడు. ఆటోమేటిక్ కావాలని ఇల్లాలు అడిగితే మామూలు బలెనోలో ఉంది, మీలో లేదు. అయిదు గేర్ల మాన్యువల్ ఒక్కటే. టాప్ మోడల్ పెట్రోల్ మీద లక్ష పైచిలుకు ఎక్కువ పెట్టి, ఆటోమేటిక్ వదులుకుని, "దీనికి రీసేల్ ఉంటుందా" అన్న బాబాయికి జవాబు చెప్పుకోవాలి. ఇన్ని పరీక్షలు మా ఊళ్లో అల్లుళ్లకి కూడా లేవు.

(నిజం చెప్పాలంటే సిటీలో కాలు ఊరుకోకపోతే ఆ 21 దరిదాపుల్లో కూడా కనబడదు. ఈ మాట నాన్నగారి చెవిన వేయకండి.)

ఇంతకీ మీ ఘనత ఏమిటో మీ వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే తెలియలేదు, నా అసలు బాధ అది. విజయవాడ హైవే మీద ఇసుక లారీ వెనక చిక్కుకున్నామనుకోండి. నలుగురు మనుషులు, ఏసీ, 339 లీటర్ల డిక్కీ నిండా ఆవకాయ జాడీలు. మామూలు బలెనో 1.2 లీటర్ల ఇంజిన్ పూర్తి టార్కు 4000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) దగ్గర గానీ ఇవ్వదు. అందుకని గేరు తగ్గించి, ఇంజిన్ గోల పెడుతుంటే, ఎదురుగా వచ్చే బస్సు దూరాన్ని గుడ్లప్పగించి కొలుచుకుంటూ దాటాలి. వెనక పిన్ని ఉలిక్కిపడి లేచి "ఏమైందిరా" అంటుంది. మీకు ఆ 150 న్యూటన్ మీటర్లూ 1700 ఆర్‌పీఎం నుంచే చేతికొస్తాయి. టర్బో లేవడానికి రెప్పపాటు ఆలస్యం చేస్తుంది గానీ, లేచాక గేరు మార్చే పని లేకుండానే లారీ అద్దంలోకి వెళ్లిపోతుంది. పిన్ని లేవదు, జాడీ కదలదు. కాసేపటికి ముందు సీట్లో మావయ్య మెచ్చుకోలుగా "బండి బాగా లాగుతోందిరా, ఏ బంకులో కొట్టించావ్?" అని అడుగుతాడు. పేరు బంకు వాడికి పోయింది!

అంతా జనం తప్పే అనను. మీరు పుట్టిన చోటూ అలాంటిదే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగపరిమితిని మళ్లీ 120కి పెంచింది 2023లో. అప్పటికి మీ అమ్మకాలు ఆగి మూడేళ్లు. తిరుమల ఘాట్ రోడ్డు మీద సత్తా చూపిద్దామంటే అక్కడ పద్ధతే వేరు. ఎక్కడానికి ఇన్ని నిమిషాలు, దిగడానికి ఇన్ని నిమిషాలు అని లెక్కగట్టారు, ముందే చేరినవాడికి జరిమానా. ఘాట్ మలుపుల్లో ఆగి టీ తాగి సమయం చంపుకోవాల్సిన దేశంలో మీకు టర్బో ఎందుకు పెట్టారో సుజుకీ వారికే తెలియాలి. యూరప్‌లో ఇదే ఇంజిన్ 111 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. మా దగ్గరకొచ్చేసరికి తొమ్మిది గుర్రాల్ని రేవులోనే కట్టేసి వచ్చారు. ఇక్కడ మర్యాదగా బతకాలని ఎవరో చెవిలో చెప్పినట్టున్నారు.

ఇంకో విచిత్రం. మీరు దాచుకున్న ఆ రెండక్షరాల బిళ్ళ, కారు యాక్సెసరీల కొట్లలో విడిగా దొరుకుతుంది. మామూలు బలెనోలు అది అంటించుకుని దర్జాగా తిరుగుతున్నాయి. మీ ఓనర్లలో కొందరు ఉన్న బిళ్ళ పీకేశారట. ఇప్పుడు అసలు ఎవరో తెలుసుకోవాలంటే వంగుని వెనక చక్రంలోకి తొంగి చూడాలి. డిస్క్ బ్రేకు ఉంటే మీరు, డ్రమ్ము ఉంటే బిళ్ళ. పార్కింగ్‌లో అలా వంగితే వాచ్‌మెన్‌కి ఏం చెప్పుకోవాలి?

2020లో బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధనలు రాబోతుంటే ఎవరితో చెప్పకుండా జాబితాలోంచి తప్పుకున్నారు. 2022లో కొత్త బలెనో వచ్చింది. అద్దం మీద స్పీడు చూపించే తెర, చుట్టూ కెమెరాలు, ఆరు ఎయిర్‌బ్యాగులు, అన్నీ ఉన్నాయి. మీ గుండె మాత్రం లేదు. దాన్ని 2023లో మారుతీ వారి మరో కారు ఫ్రాంక్స్‌కి పెట్టారు. అదే బూస్టర్‌జెట్, అదే షోరూము. ఒళ్లు కాస్త ఎత్తు చేసి ఎస్‌యూవీ వేషం కట్టేసరికి, ఆరు గేర్ల ఆటోమేటిక్ కూడా వెంట ఇచ్చారు. మిమ్మల్ని రీసేల్ అడిగిన బాబాయే దాని గ్రౌండ్ క్లియరెన్స్ గురించి మురిసిపోతున్నాడు.

ఇన్ని దెప్పిపొడుపుల తర్వాత సిగ్గు విడిచి ఒక మనవి. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో అప్పుడప్పుడు "బలెనో, పెట్రోల్, సింగిల్ ఓనర్, డాక్టరు వాడిన బండి" అని కనబడుతుంది. ఫోటోలో నల్ల చక్రాలు, వాటి వెనక డిస్కు మెరుస్తూ ఉంటుంది. ధర మాత్రం మామూలు బలెనోదే. అమ్మేవాడికి తన దగ్గర ఏముందో తెలియదు. దయచేసి ఇంకో ఏడాది పాటు వాడికి తెలియనివ్వకండి. మీ వినయం మీద ఇంతసేపూ నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నా రికరింగ్ డిపాజిట్ వచ్చే ఉగాదికి చేతికొస్తుంది.

ఇట్లు,
వంగి చూసే అలవాటున్న మీ విధేయుడు