బెల్ కర్వ్ గారికి, ఉభయకుశలోపరి

మహారాజరాజశ్రీ బెల్ కర్వ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఏప్రిల్ దగ్గరపడింది, అంటే ముందే గీసిన శాతాల ప్రకారం ఉద్యోగులకు రేటింగులు పంచే తమరి కాలం వచ్చేసింది. తమరి రాక కోసం ఆఫీసంతా బిక్కుబిక్కుమంటూ ఎదురుచూస్తోంది.

తమరి లెక్కంటే మాకు భయభక్తులు. పదిమందిలో ఇద్దరు మెరికలు, ఏడుగురు మామూలోళ్లు, ఒకడు దండగ. అమెరికా కంపెనీ జీఈలో అధిపతిగా ఉన్నప్పుడు జాక్ వెల్చ్ గారు నడిపించింది ఇదే: 20, 70, 10 శాతాలు. వేలమందిని కలిపితే ఆ గంట ఆకారం వస్తుందేమో గానీ, మా టీంలో ఉన్నది 8 మంది. 10 శాతమంటే 0.8 మనిషి. ఎక్కడ కొయ్యాలో తమరు సెలవివ్వలేదు కాబట్టి నిండు మనిషినే ఇస్తున్నాం. పైగా వీళ్లంతా మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టి ఏరి తెచ్చుకున్నవాళ్లు. చెరిగిన చేటలో తాలు ఇంత శాతం ఉండి తీరాలంటే ఏ రైతైనా నవ్వుతాడు.

రేటింగులను ఆ శాతాలకు సరిపెట్టే నార్మలైజేషన్ మీటింగులో తమరి దర్బారు చూడాలి. అన్నిటికన్నా పై రేటింగైన 5 గడిలో ఒక పేరు ఎక్కువైంది, దించాలి. ఎవర్ని? ప్రసూతి సెలవులో ఉన్నామెను, నోటీస్ పీరియడ్‌లో ఉన్నతన్ని, పోయిన నెలే వేరే ప్రాజెక్టు నుంచి వచ్చినవాణ్ని. అంటే, గదిలో తన తరఫున మాట్లాడే మేనేజరు లేనివాణ్ని. మార్చిలో చేసిన పని అందరికీ గుర్తుంటుంది. జూన్‌లో రాత్రంతా కూర్చుని సర్వర్ నిలబెట్టిన సంగతి ఎవరూ తవ్వరు.

ఆ తర్వాత, "ఈ స్క్రిప్టు ఎలా రన్ చెయ్యాలన్నా?" అని పక్క సీటువాడు అడిగితే "డాక్యుమెంట్ ఉంది, చూస్కో" అని జవాబు. అది రెండేళ్ల కిందటిది, అందులో పాత్ సగం మారిపోయింది. చెబితే వాడి రేటింగ్ పెరిగి తనది దిగుతుంది మరి!

మైక్రోసాఫ్ట్ 2013 నవంబరులోనే తమరికో దండం పెట్టి వదిలేసింది. తమరు లేకపోతే మా గతేమిటని బెంగ వద్దు. పదిహేను రోజులకోసారి ఒక్కొక్కరితో 20 నిమిషాలు కూర్చుని "పనికి ఏది అడ్డం పడుతోంది?" అని అడిగి రాసుకుంటాం. మళ్లీ కూర్చున్నప్పుడు ఆ కాగితంతోనే మొదలుపెడతాం. సిస్టమ్ యాక్సెస్ కోసం టికెట్ పెట్టి తొమ్మిది రోజులుగా తిరుగుతున్నవాడికి కావలసింది యాక్సెస్, స్ఫూర్తి ప్రసంగం కాదు. మెచ్చుకోలు ఆ వారంలోనే, "గుడ్ జాబ్" అని కాకుండా "బిల్లింగ్ రిపోర్టులో డబుల్ ఎంట్రీ క్లయింటుకు వెళ్లకముందే పట్టుకున్నావు" అని. జీతం మాట మాత్రం వేరే రోజు. హైక్ శాతం చెవిన పడ్డాక ఎంత మంచి సలహా అయినా గాలికే.

ఇట్లు,
తమరి విధేయులు,
3 గడిలోని వాళ్లు

తా.క.: ఆ 0.8 మనిషి పోగా మిగిలిన 0.2 సోమవారం డ్యూటీకి రావాలా? హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాం, ఆటో రిప్లై వచ్చింది.